లెడ్జరా, ట్రెజరా? హార్డ్‌వేర్ వాలెట్ కొనే ముందు చూసుకోవాల్సిన సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒక ఇండియన్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే క్రిప్టో కొని అమ్మే యాప్‌లో, మీకు దాదాపు 6 లక్షల రూపాయల క్రిప్టో ఉంది. అందులో ఎక్కువ భాగం బిట్‌కాయిన్, తర్వాత ఈథర్, కొంచెం సొలానా. నాలుగైదేళ్ల దాకా అమ్మే ఆలోచన లేదు. చేతిలో ఐఫోన్, ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నాయి. దాన్ని హార్డ్‌వేర్ వాలెట్‌కి, అంటే క్రిప్టో రహస్య కీని దాచే చిన్న పరికరానికి, మార్చుకోవాలనుకుంటున్నారు. అవి తయారుచేసే కంపెనీల్లో లెడ్జర్ మంచిదా, ట్రెజర్ మంచిదా, ఆన్‌లైన్‌లో సగం ధరకే ఓపెన్ బాక్స్ (పెట్టె ముందే విప్పేసిన) లెడ్జర్ దొరుకుతోంది, తీసుకోవచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ల్యాప్‌టాప్‌తో వాడేట్లయితే ట్రెజర్ సేఫ్ 3 గానీ, లెడ్జర్ నానో ఎస్ ప్లస్ గానీ మీకు సరిపోతుంది. మీ మూడు కాయిన్లూ రెండిట్లోనూ పెట్టుకోవచ్చు. నన్ను ఒక్కటే చెప్పమంటే, కొని కదపకుండా పెట్టుకునే మీలాంటివాళ్లకి సేఫ్ 3 చెబుతాను. అన్నీ ఐఫోన్ నుంచే జరగాలి అంటే మాత్రం లెడ్జర్ నానో ఎక్స్ చూడండి. దానికి బ్లూటూత్ ఉంది. నానో ఎస్ ప్లస్ ఐఫోన్‌కి కనెక్ట్ కాదు. సేఫ్ 3కీ అదే ఇబ్బంది, ఐఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకోవచ్చు గానీ డబ్బు పంపలేరు. ఓపెన్ బాక్స్ మాత్రం ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

ఇంకో మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఏ కంపెనీది కొన్నా సరే, ఆ పరికరాన్ని మీరే ఒకసారి పూర్తిగా చెరిపేసి, సెటప్‌లో అది చూపించగా కాగితం మీద రాసుకున్న బ్యాకప్ పదాలతో మళ్లీ నిలబెట్టి, అదే వాలెట్ అడ్రస్ తిరిగి వచ్చిందని కళ్లారా చూసేదాకా అసలు మొత్తం పంపకండి. నేను చాలా ఏళ్లుగా స్నేహితులకి, చిన్న వ్యాపారాలవాళ్లకి ఈ వాలెట్లు సెటప్ చేసిపెడుతున్నాను. ఈ రిహార్సల్ చేసినవాళ్లలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లని నేను చూడలేదు. చేయనివాళ్లు మాత్రం ఏడుస్తూ ఫోన్ చేసిన సందర్భాలున్నాయి.

ఎందుకింతగా చెబుతున్నానో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. మీ బిట్‌కాయిన్ ఆ పరికరంలో ఉండదు. అది బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి ఉంచే లావాదేవీల పద్దులో, ఒక అడ్రస్ పేరున ఉంటుంది. పరికరంలో ఉండేది ఆ అడ్రస్ నుంచి డబ్బు కదిపే హక్కు ఇచ్చే రహస్య కీ. మీరు ఎవరికైనా పంపాలనుకున్నప్పుడు ల్యాప్‌టాప్‌లోని యాప్ ఆ లావాదేవీని పరికరానికి పంపుతుంది. పరికరం దాన్ని తన తెర మీద చూపిస్తుంది. మీరు బటన్ నొక్కితే లోపలే సంతకం చేసి, ఆ సంతకాన్ని మాత్రమే బయటికి ఇస్తుంది. కీ ల్యాప్‌టాప్‌లోకి ఎప్పుడూ రాదు. అందుకే ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉన్నా అది కీని ఎత్తుకుపోలేదు.

ఆ కీ పుట్టేటప్పుడే దాని బ్యాకప్‌గా 12, 20 లేదా 24 ఇంగ్లిష్ పదాలు తెర మీద కనిపిస్తాయి. 12, 24 పదాల పద్ధతిలో ఆ పదాలు 2048 పదాలున్న ఒక స్థిరమైన జాబితాలోంచి వస్తాయి. ఆ పదాలు, వాటి వరుస మీ దగ్గరుంటే పరికరం మూసీలో పడిపోయినా ఫరవాలేదు. ఇంకోటి కొని, పదాలు ఎక్కిస్తే అంతా తిరిగి వస్తుంది. పదాలు వేరేవాడికి దొరికితే, పరికరం మీ బీరువాలో భద్రంగా ఉన్నా, వాడు ఏ దేశంలో కూర్చునైనా మొత్తం లాగేస్తాడు. పిన్ పరికరానికి కాపలా కాస్తుంది. పదాలకి కాపలా మీరే కాయాలి.

ఇప్పుడు ఓపెన్ బాక్స్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 2023లో కంప్యూటర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ ఒక కేసు బయటపెట్టింది. ఒకాయన క్లాసిఫైడ్స్ సైట్‌లో ట్రెజర్ మోడల్ టి కొన్నాడు. హోలోగ్రామ్ స్టిక్కర్లు చక్కగా ఉన్నాయి, పరికరం మామూలుగానే పనిచేసింది. ఒకరోజు 1.33 బిట్‌కాయిన్లు వాటంతట అవే వెళ్లిపోయాయి. ఆ సమయానికి పరికరం కంప్యూటర్‌కి కనెక్ట్ అయి కూడా లేదు. విప్పి చూస్తే లోపల అసలు చిప్ తీసేసి వేరేది టంకం పెట్టారు. రెండు ముక్కల మూతని బోలెడంత జిగురు, డబుల్ సైడెడ్ టేప్‌తో అతికించారు. కొత్త వాలెట్ సృష్టించమన్నప్పుడల్లా ఆ నకిలీ సాఫ్ట్‌వేర్, దొంగలు ముందే తయారుచేసి పెట్టుకున్న 20 వాలెట్లలో ఒకటి తీసి ఇస్తుంది. అంటే కొన్న మనిషి ఎంత జాగ్రత్తగా పదాలు రాసుకున్నా, ఆ పదాలు దొంగ దగ్గర ముందునుంచే ఉన్నాయి.

ఇంతకంటే నాసిరకం మోసాన్ని నేనే చూశాను. గుంటూరు నుంచి ఒక కుర్రాడు తన కొత్త వాలెట్ సెటప్ చేసిపెట్టమని తీసుకొచ్చాడు. పెట్టెలో ఒక కార్డు ఉంది. ప్రీపెయిడ్ రీచార్జ్ కార్డులా గీకితే వెండి పూత కింద 24 పదాలు నీట్‌గా ప్రింట్ చేసి ఉన్నాయి. పక్కనే "మీ భద్రత కోసం ఈ పదాలు వాడండి" అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఒక కాగితం. అదృష్టం, వాడింకా అందులోకి ఏమీ పంపలేదు. గుర్తుంచుకోండి, పదాలు ఎప్పుడూ పరికరం తెర మీదే, మీ కళ్ల ముందే పుట్టాలి. ముందే రాసి వచ్చాయంటే అది దొంగ సరుకు. ముందే పిన్ పెట్టి వచ్చినా అంతే.

అసలు పరికరమో కాదో మొదటిసారి కనెక్ట్ చేసినప్పుడు కంపెనీ యాప్ పరీక్షిస్తుంది, నిజమే. అది మంచి ఏర్పాటే, చేయించండి. కానీ అదొక్కటే నమ్ముకోవద్దు. 2025 మార్చిలో లెడ్జర్‌వాళ్ల పరిశోధన బృందం ట్రెజర్ సేఫ్ 3ని చేతిలో పెట్టుకుని, అందులోని మైక్రోకంట్రోలర్ (పరికరాన్ని నడిపే చిప్) మీద దాడి చేసి ఆ పరీక్షను దాటొచ్చని చూపించింది. ఇంట్లో పెట్టుకుని వాడుతున్నవాళ్లకి దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమల్లా పరికరం మీ చేతికి రాకముందు ఇంకొకడి చేతిలో ఉండడమే. ఓపెన్ బాక్స్ అంటే సరిగ్గా అదే కదా. కంపెనీ సొంత సైట్‌లో కొనండి, లేదా ఆ సైట్‌లోనే "అధీకృత రీసెల్లర్లు" అని ఇచ్చిన ఇండియన్ షాపులో కొనండి. పెద్ద షాపింగ్ సైట్‌లో కొనేట్లయితే అమ్మేవాడి పేరు ఎవరిదో చూడండి, సైట్ పేరు చూసి మోసపోవద్దు. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ అదనంగా పడుతుంది. 6 లక్షల మీద ఆ ఖర్చుకి వెనకాడకండి.

ఇక లెడ్జర్, ట్రెజర్ తగువు. రెండు వర్గాలూ గట్టిగా కొట్టుకుంటాయి, రెండిటి దగ్గరా న్యాయం ఉంది.

లెడ్జర్ ఫ్రాన్స్ కంపెనీ. మొదట్నుంచీ కీని సెక్యూర్ ఎలిమెంట్ అనే చిప్‌లో దాస్తుంది. బ్యాంకు కార్డుల్లో ఉండే తరహా చిప్ అది. పరికరం దొంగ చేతికి చిక్కినా దానిలోంచి కీ పిండడం చాలా కష్టం. పిన్ మూడుసార్లు తప్పు కొడితే మొత్తం చెరిగిపోతుంది. కానీ దాని లోపలి సాఫ్ట్‌వేర్ మొత్తం బయటివాళ్లు చదవగలిగేట్టు తెరిచి ఉండదు. 2023 మేలో "రికవర్" అనే సేవ ప్రకటించారు. మీరు ఒప్పుకుంటే మీ కీని ముక్కలు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, మూడు కంపెనీల దగ్గర బ్యాకప్‌గా దాస్తారు. ఇష్టమైతేనే వాడొచ్చు, బలవంతం లేదు. అయినా కీ ఏ రూపంలోనూ పరికరం దాటి బయటికి రాదని నమ్మినవాళ్లకి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం. అలాగని లెడ్జర్ పారేయాల్సినంత తప్పు అక్కడ నాకు కనిపించదు.

ట్రెజర్ చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్ నగరంది. 2014లో మొదటి మోడల్ అమ్మింది. కోడ్ అంతా తెరిచి పెట్టడం వాళ్ల పద్ధతి. పాత మోడల్స్‌లో సెక్యూర్ చిప్ లేదు. 2020 జనవరిలో క్రాకెన్ ఎక్స్ఛేంజ్ భద్రతా బృందం ట్రెజర్ వన్, మోడల్ టి పరికరాలు చేతికి దొరికితే దాదాపు 15 నిమిషాల్లో లోపలి పదాలు లాగొచ్చని చూపించింది. 2023 చివర్లో వచ్చిన సేఫ్ 3, తర్వాత వచ్చిన సేఫ్ 5లో సెక్యూర్ చిప్ పెట్టారు. అందుకే ట్రెజర్ కొంటే సేఫ్ వరుసలోదే కొనండి. పాత ట్రెజర్ వన్ చవకగా దొరుకుతుంది గానీ అందులో సొలానా కూడా రాదు.

ఇంకో కోణం ఉంది, చాలామంది పట్టించుకోరు. 2020లో లెడ్జర్ కస్టమర్ల వివరాలు లీకయ్యాయి. దాదాపు 10 లక్షల ఈమెయిళ్లు, రెండున్నర లక్షలకు పైగా మనుషుల పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు ఆ డిసెంబరులో బహిరంగంగా పడ్డాయి. తర్వాతి ఏడాది కొందరి ఇళ్లకి "మీ పరికరం మార్చుకోండి" అంటూ ఉత్తరంతో సహా నకిలీ లెడ్జర్లు పోస్టులో వచ్చాయి. ట్రెజర్‌కీ 2024 జనవరిలో సపోర్ట్ పోర్టల్ ద్వారా దాదాపు 66 వేల మంది వివరాలు బయటికి పోయి ఉండొచ్చని వాళ్లే చెప్పారు. పరికరాలు చెక్కుచెదరలేదు, పోయింది కొనుగోలుదారుల జాబితా. అంటే "ఫలానా ఇంట్లో క్రిప్టో ఉంది" అనే సమాచారం. కాబట్టి ఆర్డర్‌కి వేరే ఈమెయిల్ పెట్టండి, వీలైతే ఆఫీసు అడ్రస్‌కి తెప్పించుకోండి. 2025 జనవరిలో లెడ్జర్ సహవ్యవస్థాపకుడు దావిద్ బాలాన్‌ని ఫ్రాన్స్‌లో కిడ్నాప్ చేసి, వేలు నరికి క్రిప్టో డిమాండ్ చేశారు. మనం అంత పెద్దవాళ్లం కాము, నిజమే. అయినా మీ దగ్గర ఎంతుందో పెళ్లిళ్లలో, ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పుకోవాల్సిన పని లేదు.

మిగతావాటి గురించి త్వరగా. బిట్‌కాయిన్ ఒక్కటే పెట్టుకునేవాళ్లకి కెనడా కోల్డ్‌కార్డ్, స్విట్జర్లాండ్ బిట్‌బాక్స్ మంచివి. మీకు సొలానా కూడా ఉంది కాబట్టి అవి కుదరవు. మన గురుగ్రామ్ కంపెనీ సైఫరాక్ ఎక్స్1 ఉంది. కీని ఐదు ముక్కలు చేసి ఒకటి పరికరంలో, నాలుగు కార్డుల్లో పెడుతుంది. ఏ రెండు దొరికినా వాలెట్ తెరుచుకుంటుంది. కాగితం దాచుకోవడం గురించి బాగా టెన్షన్ పడేవాళ్లకి నేను దీన్నే సూచిస్తున్నాను. టాంజెమ్ లాంటి కార్డు వాలెట్లు వాడడం తేలిక, ఫోన్‌కి తాకిస్తే చాలు. కానీ వాటికి తెర ఉండదు. పెద్ద మొత్తానికి తెర లేని వాలెట్ నేను ఒప్పుకోను.

ఎందుకో చెబుతాను. ఇది నిజంగా పెద్ద విషయం.

2024 జులై 18న మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్‌లో దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. మన తెలుగువాళ్లలో కూడా ఎందరివో పొదుపులు అందులో ఇరుక్కున్నాయి. ట్రేడింగ్, క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. దాన్ని ఉత్తర కొరియా హ్యాకర్లు చేశారని ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఈ రెండు చోట్లా పలువురు సంతకం పెడితే తప్ప డబ్బు కదలని ఏర్పాటు ఉంది. ఎక్స్ఛేంజ్‌వాళ్లు సంతకాలు పెట్టింది హార్డ్‌వేర్ వాలెట్లతోనే. బైబిట్‌లో కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీ కనిపించింది. పరికరానికి చేరింది మాత్రం వాలెట్ అధికారాన్నే దొంగల చేతికిచ్చే ఆదేశం. పరికరం తెర మీద అది మనిషి చదవగలిగే రూపంలో లేదు. చూసి అర్థం చేసుకోకుండా బటన్ నొక్కారు. దీన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు.

మీరు బిట్‌కాయిన్ కొని పెట్టుకునేవారే కాబట్టి ఈ బెడద మీకు తక్కువ. మామూలు బిట్‌కాయిన్ లావాదేవీలో మీరు చూసుకోవాల్సింది అడ్రస్, మొత్తం, ఫీజు అంతే, పరికరం స్పష్టంగా చూపిస్తుంది. ఈథర్, సొలానాతో ఏదైనా స్టేకింగ్ (కాయిన్లు కట్టిపెట్టి రాబడి తీసుకోవడం) సైట్‌కో, ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా కాయిన్లు పంచడం) సైట్‌కో వాలెట్ కలిపినప్పుడు గొడవ మొదలవుతుంది. పరికరం తెర మీద ఏం రాసుందో అర్థం కాకపోతే రిజెక్ట్ నొక్కండి. రిజెక్ట్ చేస్తే పోయేది ఏమీ ఉండదు. బ్లైండ్ సైనింగ్ అనే సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంచండి. అలాంటి సైట్లు తరచూ వాడాలనుకుంటే పెద్ద టచ్ తెర ఉన్న సేఫ్ 5 లేదా లెడ్జర్ ఫ్లెక్స్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు. చిన్న తెర మీద పొడవాటి అడ్రస్‌ని జరుపుకుంటూ చదవడం విసుగు, విసుగొస్తే మనిషి చదవడం మానేస్తాడు.

అడ్రస్ చూడడం గురించి కూడా ఒక మాట. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. దొంగలు ఆ అలవాటు మీదే బతుకుతున్నారు. మీరు పంపే అడ్రస్‌కి మొదలు, చివర సరిపోయే అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మీ వాలెట్‌కి సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపుతారు. అది మీ హిస్టరీలో కూర్చుంటుంది. తర్వాతిసారి మీరు హిస్టరీలోంచి కాపీ చేస్తే డబ్బు వాడికి వెళ్తుంది. 2024 మేలో ఒక్కరే ఈ రకంగా దాదాపు 6.8 కోట్ల డాలర్లు పంపేశారు. హిస్టరీ నుంచి అడ్రస్ కాపీ చేయకండి. మధ్యలో అక్షరాలు కూడా చూడండి. డబ్బు అందుకునేటప్పుడు యాప్‌లో కనిపించే అడ్రస్‌ని పరికరం తెర మీద కూడా తెప్పించి రెండూ పోల్చండి.

ఇప్పుడు పదాల సంగతి. నా పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

పెన్నుతో కాగితం మీద రాయండి. ఫోటో తీయకండి. మీకు మీరే వాట్సాప్ చేసుకోకండి. గూగుల్ డ్రైవ్‌లో, నోట్స్ యాప్‌లో, ఈమెయిల్ డ్రాఫ్ట్‌లో పెట్టకండి. ఐఫోన్‌లో ఫోటో తీస్తే అది ఐక్లౌడ్‌కి కూడా వెళ్లొచ్చు. ఎవరికీ అర్థం కాకుండా తెలుగు లిపిలో రాస్తామని కొందరంటారు. అలా చేస్తే స్పెల్లింగ్ పోతుంది, తిరిగి ఎక్కించేటప్పుడు తంటాలు. ఇంగ్లిష్‌లోనే, విడివిడి అక్షరాలతో, నంబర్లు వేసి రాయండి.

కాగితం ఒక్కటే చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, నాకు తెలిసిన ఒకాయన బీరువా కింది అరలో పెట్టిన కాగితం ముద్దయిపోయింది. జెల్ పెన్నుతో రాశాడు, సిరా మొత్తం కరిగిపోయింది. ఆయన వాలెట్ పరికరం అదృష్టవశాత్తూ మేడ మీద కూతురి పుస్తకాల సంచిలో ఉంది. దాని పిన్ గుర్తుంది కాబట్టి అదే రోజు డబ్బంతా వేరే కొత్త వాలెట్‌కి మార్చేశాం. పరికరం కూడా కిందే ఉండి ఉంటే చేసేదేమీ లేదు.

అందుకే రెండో కాపీ స్టీలు మీద ఉండాలి. రెడీమేడ్ ప్లేట్లు అమ్ముతారు, ధర ఎక్కువ. నేను చేసే పద్ధతి చెబుతాను. హార్డ్‌వేర్ షాపులో అక్షరాల పంచ్ సెట్ దొరుకుతుంది, ఏ నుంచి జెడ్ దాకా. కాస్త మందమైన స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ముక్క కోయించుకుని, కింద చెక్క దిమ్మ పెట్టుకుని, సుత్తితో మీరే కొట్టుకోండి. 12, 24 పదాల జాబితాలో ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. కాబట్టి ఒక్కో పదానికి నాలుగు అక్షరాలు కొడితే చాలు, మూడక్షరాల పదమైతే మూడు. గిన్నెల మీద పేర్లు కొట్టే స్టీలు సామాన్ల షాపుకి మాత్రం తీసుకెళ్లకండి. ఆ పని ఎంత చక్కగా చేసినా, అతను చదివినట్టే.

కాగితం ఒకచోట, రేకు ఇంకోచోట ఉండాలి. ఒకటి ఇంట్లో, ఇంకోటి బ్యాంక్ లాకర్‌లో, లేదా ఊళ్లో అమ్మానాన్నల దగ్గర సీలు వేసిన కవర్లో. 24 పదాల్ని 12, 12గా చీల్చి రెండు చోట్ల పెడదామని చాలామంది తెలివిగా ఆలోచిస్తారు. వద్దు. ఏ ఒక్క సగం పోయినా మొత్తం పోయినట్టే, అంటే ప్రమాదం రెండింతలు. ముక్కలు చేయాలనుకుంటే ట్రెజర్‌లో ఉన్న షేర్ల పద్ధతి వాడండి. మూడు షేర్లు చేసి, ఏ రెండు దొరికినా చాలు అని పెట్టుకోవచ్చు.

పాస్‌ఫ్రేజ్ అని ఇంకో అదనపు తాళం ఉంది, 25వ పదం అంటారు. బలమైనదే, పదాలు దొరికినా దొంగకి ఉపయోగం ఉండదు. మొదటి ఏడాది మాత్రం మీరు దాని జోలికి వెళ్లొద్దని నా సలహా. కారణం ఒక్కటే. తప్పు పాస్‌ఫ్రేజ్ కొడితే అది "తప్పు" అని చెప్పదు. ఇంకో ఖాళీ వాలెట్ తెరిచి చూపిస్తుంది. పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్న చిన్న తేడాకే వేరే వాలెట్ వస్తుంది. ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. పదాలన్నీ భద్రంగా ఉన్నాయి, పాస్‌ఫ్రేజ్‌లో పిల్లాడి పేరు అని గుర్తుంది, ఎలా రాశారో గుర్తులేదు. చాలా రకాలుగా ప్రయత్నించాం, దొరకలేదు. ఆ ఇంట్లో వాళ్లు ఒకరినొకరు అనుకున్న మాటలు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

ఇక రిహార్సల్. పరికరం రాగానే పెట్టె చూడండి, కంపెనీ సైట్ అడ్రస్‌ని మీరే టైప్ చేసి యాప్ దించుకోండి. యాప్ స్టోర్‌లో పేరు కొట్టి వెతకడం కూడా పూర్తిగా సేఫ్ కాదు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకే లెడ్జర్ లైవ్ (అప్పటి లెడ్జర్ సొంత యాప్) పేరుతో నకిలీ యాప్ ఎక్కింది. దాన్ని నమ్మి పదాలు టైప్ చేసినవాళ్లవి 16కి పైగా బిట్‌కాయిన్లు పోయాయి. ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయండి. కొత్త వాలెట్ సృష్టించి పదాలు రాసుకోండి. ఎక్స్ఛేంజ్ నుంచి చిన్న మొత్తం పంపండి, విత్‌డ్రాయల్ ఫీజు పోను ఒకటో రెండో వేలు మిగిలేట్టు. అది చేరాక, స్వీకరించే అడ్రస్ ఒక చీటీ మీద రాసుకుని, పరికరాన్ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి పూర్తిగా చెరిపేయండి. చాలామందికి ఇక్కడ చెయ్యి వణుకుతుంది. వణకనివ్వండి, రెండు వేలతో వణికితే నష్టం లేదు. ఇప్పుడు మీ కాగితం చూసి పదాల్ని పరికరం మీదే ఎక్కించండి. అదే అడ్రస్, అదే బ్యాలెన్స్ కనిపిస్తే మీ బ్యాకప్ సరైనదని రుజువైనట్టు. స్టీలు రేకుతో కూడా ఒకసారి ఇదే చేయండి. ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది.

తర్వాత అసలు మొత్తాన్ని రెండు మూడు విడతలుగా పంపండి. నెట్‌వర్క్ జాగ్రత్త. బిట్‌కాయిన్‌ని బిట్‌కాయిన్ నెట్‌వర్క్ మీద, ఈథర్‌ని ఈథీరియం మీద, సొలానాని సొలానా మీద పంపండి. ఫీజు తక్కువని ఎక్స్ఛేంజ్ వేరే నెట్‌వర్క్ చూపిస్తుంది, దానికి మీ వాలెట్ సపోర్ట్ ఉందో లేదో తెలియకుండా ఎంచుకోవద్దు. అసలు మీ ఎక్స్ఛేంజ్ కాయిన్‌ని బయటి వాలెట్‌కి పంపనిస్తుందా అన్నది పరికరం ఆర్డర్ చేయకముందే కనుక్కోండి. మన దగ్గర కొన్ని యాప్‌లలో కొనొచ్చు, అమ్మొచ్చు, బయటికి పంపడానికి మాత్రం వీలుండదు.

ఇదంతా అయ్యాక మిమ్మల్ని పదాలు అడిగేవాడెవడైనా దొంగే. కంపెనీ పేరుతో ఈమెయిల్ రావచ్చు, ఫోన్ రావచ్చు, ఇంటికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం కూడా రావచ్చు. ఫోన్ కీబోర్డు మీద, ల్యాప్‌టాప్ మీద పదాలు టైప్ చేసే సందర్భం మీకు రాకూడదు. పదాలు ఎక్కేది పరికరంలోకే.

ఇంట్లోవాళ్ల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మీకు రేపు ఏదైనా అయితే మీ భార్యకో, అన్నదమ్ములకో దీన్ని అందుకునే దారి ఉండాలి. ఇక్కడ బ్యాంకులా నామినీ ఫారం ఉండదు. ఒక కాగితం మీద తెలుగులో రాసిపెట్టండి. ఏ పరికరం, ఎక్కడుంది, రేకు ఏ లాకర్‌లో ఉంది, ఎవరిని సలహా అడగాలి, ఎవరు అడిగినా పదాలు చెప్పొద్దు అని. పదాలు మాత్రం ఆ కాగితంలో రాయకండి. విదేశాల్లో ఉన్న కొందరు పిల్లలు రేకు తెచ్చి ఊళ్లో నాన్నగారికి ఇచ్చి, అదేమిటో చెప్పకుండా వెళ్తారు. ఇల్లు సర్దేటప్పుడు పాత సామాన్లవాడికి వేసేస్తే ఆయన తప్పు కాదు.

చివరగా పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం, ఆ ఏడాది జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. మీ ఎక్స్ఛేంజ్ ఖాతా నుంచి మీ సొంత వాలెట్‌కి పంపడం అమ్మకం కాదు, దాని మీద లాభం లెక్క రాదు. వాలెట్‌లోనే ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకుంటే మాత్రం వస్తుంది. నాలుగైదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు ఎంతకి కొన్నారో మీరే చూపించాలి. అప్పటికి ఆ ఎక్స్ఛేంజ్ ఉంటుందో, మీ ఖాతా తెరుచుకుంటుందో చెప్పలేం. కాబట్టి కాయిన్లు బయటికి పంపడానికి ముందే మీ కొనుగోళ్ల హిస్టరీ ఫైల్, టీడీఎస్ వివరాలు దించుకుని రెండుచోట్ల దాచండి. వాలెట్‌కి పంపిన ప్రతి లావాదేవీ ఐడీని తేదీతో సహా అదే ఫోల్డర్‌లో రాసిపెట్టుకోండి. ఈ ఫైళ్లు మాత్రం గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు.